వైతికుప్పం గుడ్లు

మా మామగారికి సొంత తమ్ముడితో పదకొండేళ్లుగా మాటల్లేవు. కారణం ఒక కోడిపుంజు. పెళ్లికి ముందే ఈ సంగతి తెలిసుంటే యానాం నుంచి పుదుచ్చేరి దాకా నవ్వుకుంటూ వచ్చేదాన్ని. మా వైపు పుంజు మీద కాసి కొబ్బరితోటలు పోగొట్టుకున్నవాళ్లున్నారు గానీ, తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న మొనగాడు నాకు తెలిసి లేడు.

పుదుచ్చేరి లాస్‌పేటలో అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. చుట్టూ కాలేజీలూ ఆఫీసులూ అపార్టుమెంట్లూ లేచినా ఈ రెండిళ్ల పెరళ్లలో కొబ్బరిచెట్లూ కోళ్లగూళ్లూ అలాగే మిగిలాయి. పూర్వం తెలుగుదేశం నుంచి వలస వచ్చినప్పుడు తాతముత్తాతలు గంపలో పెట్టుకొచ్చిన జాతి అని మామగారు రంగరాజన్ చెప్పేవారు. వాళ్ల నాన్న పోయాక పొలం పంచుకున్నారు, ఇత్తడి సామాను పంచుకున్నారు. విత్తనం పుంజు మాత్రం ఒక్కటే ఉంది. అన్న నాదన్నాడు. తమ్ముడు వీరరాఘవన్ తెల్లారేసరికి దాన్ని చంకన పెట్టుకుని గోడ దాటించేశాడు. ఆ పుంజు ఏడాది తిరక్కుండానే చచ్చింది గానీ, పగ మాత్రం దాని మేత కూడా తానే తిని బలిసింది.

ఆ రోజు నుంచి ఆ ఇంటి నీళ్లు ఈ ఇంటికి రాకూడదు, ఈ ఇంటి నిప్పు ఆ ఇంటికి పోకూడదు. అసలు జాతి నాదంటే నాదని ఇద్దరూ. పక్కవాడి కోళ్లలో ఫారం రక్తం కలిసిందని ఇద్దరూ. చిక్కేమిటంటే, మా అత్తయ్య కమలమ్మాళ్, ఆ ఇంటి చిన్నత్త తిలగం సొంత అక్కచెల్లెళ్లు. ఒకే పందిట్లో అన్నదమ్ములిద్దరికీ ఇచ్చి చేశారు. పంపకాలైన కొత్తలో చిన్నత్త ఒక గిన్నెలో చారు పంపిందట. మామగారు దాన్ని వీధిలో పారబోసి, ఆ తర్వాత నెల్లాళ్లు భార్య చేతి అన్నం ముట్టలేదు. తానే వండుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని తినేవారు.

"తిట్టినా పడేదాన్ని, కొట్టినా పడేదాన్ని," అనేది అత్తయ్య. "అట్ల తింటా ఉంటే నేను చచ్చిపోయినట్టు ఉండె."

మా ఆయన ఉదయకుమార్ గోడమీద పిల్లి. ఎటు దూకినా దెబ్బేనని దూకడమే మానేశాడు.

నేను కాపురానికొచ్చిన మరుసటి ఏడు, రెండువేల ఏడులో, మాశి మగం పండగ ఇంకా రాని రోజుల్లో ఒక మధ్యాహ్నం పెరట్లో ఉతికిన బట్టలు తీస్తున్నాను. మామగారు లోపల గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. కోళ్లగూడు వెనక అత్తయ్య గోడ వారన గొంతుక్కూర్చుని ఉంది. వాన నీళ్లు పోవడానికి గోడ అడుగున తూము ఉంది. ఆ తూములోంచి ఎర్రగాజుల చెయ్యొకటి ఇవతలికి వచ్చి, అత్తయ్య ఒళ్లోని గుడ్డొకటి తీసుకుని వెనక్కి పోయింది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారక్కడ?"

ఆవిడ ఉలిక్కిపడింది. "చూసినావా?"

"చూశాను."

"చూసింది కడుపులో పెట్టుకో. నీ మొగుడికి కూడా చెప్పొద్దు."

అవతలి నుంచి గొంతు వినబడింది. "అక్కా, ఎవురది?"

"కోడలే."

"యానాం పిల్లా? ఏమ్మా, మా అక్క నీకు చేప ముక్క మిగిలిస్తాదా, తలకాయ తోకా నీకు పెట్టి నడిముక్క తానే మింగేస్తాదా?"

అత్తయ్య నవ్వింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదటిసారి.

వాళ్లు చేసేది మా వైపూ ఉన్న పద్ధతే. ఒకరింట్లో పెట్ట పొదుగుకొస్తుంది, కిందపెట్టడానికి గుడ్లుండవు. ఇంకొకరింట్లో గుడ్లుంటాయి, పొదుగు పెట్ట ఉండదు. గుడ్లు వీళ్లవి, పొదుగు వాళ్లది, లేచిన పిల్లలు చెరిసగం. ఆడవాళ్ల మధ్య నడిచే లావాదేవీ కాబట్టి మగవాళ్లు పట్టించుకోరు. ఎన్ని గుడ్లు పెట్టారు, ఎన్ని లేచాయి, ఏ పిల్ల ఎవరిది అని మాట్లాడుకోవాలి కదా. ఆ వంకతో తూము దగ్గర అక్కచెల్లెళ్లు మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి వాళ్లమ్మ తద్దినం దాకా అన్నీ మాట్లాడుకునేవారు. ఆ తర్వాత మామగారు లేచే అలికిడికి కాపలా కాయడం నా పనైంది. ఆ పని నాకు నచ్చింది కూడా.

మాశి మగం రోజు జాలరిపేట వైతికుప్పం ఒడ్డుకి రెండిళ్లవాళ్లమూ వెళ్లాం, విడివిడిగా. దేవుళ్లను సముద్రానికి తెచ్చారు, ఇసకేస్తే రాలనంత జనం. అక్కచెల్లెళ్లు కాస్త ఎడంగా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పరాయివాళ్లలాగా చెరో దిక్కూ చూశారు. మర్నాడు తూము దగ్గర తిలగం అత్త, "ఆ పచ్చ చీర నీకు బాగలేదక్కా, ముసలమ్మ మాదిరి ఉన్నావు," అంది.

ఉమామహేష్ వచ్చింది ఆ పండగ వెళ్లాకే. మా యానాం కుర్రాడు, మా తమ్ముడి స్నేహితుడు. పశువైద్యం చదివి, ఇక్కడే ఉండి నాటుకోళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు. ఊరూరూ తిరిగి కోళ్ల రెక్క కింద నరంలోంచి రక్తం తీసుకుంటాడు. కిరుమాంబాక్కంలో తీశాడు, వైతికుప్పంలో తీశాడు, యానాం వెళ్లినప్పుడు అక్కడా తీశాడు.

"ఏ కోడికి ఏ కోడి చుట్టమో చూస్తానక్కా," అన్నాడు.

"మనుషుల చుట్టరికాలే తేలట్లేదు, నీకు కోళ్లవి కూడానా?"

మామగారైతే వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. మా పెద్ద పుంజుని, మా వైపు కాకి డేగ అంటామే అలాంటిదాన్ని, ఆయనే ఒళ్లో పడుకోబెట్టుకుని రెక్క విప్పి పట్టుకున్నారు. సూది దిగుతుంటే తన పిల్లకి టీకా వేయిస్తున్నట్టు మొహం పక్కకి తిప్పుకున్నారు.

"వాడింట్లో కూడా తీయి తంబీ," అన్నారు, గోడ వైపు గడ్డం చూపించి. "వాడి కోళ్లలో యాడెక్కడి రక్తం ఉందో తెలియాల. వైతికుప్పం కోడే కలిసిందో, ఫారం కోడే కలిసిందో. లోకం చూడాల."

పక్కింటి చిన్నమామగారు కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే అన్నారట.

వాణ్ణి వీధి మలుపు దాకా సాగనంపుతూ అడిగాను. "నిజంగా తెలిసిపోతుందేంట్రా?"

"తెలుస్తుందక్కా. రక్తంలో గుర్తులుంటాయి. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. అవి పోల్చి చూస్తే ఏ మంద ఏ మందతో కలిసిందో చెప్పేయొచ్చు."

అంటే తూములోంచి పోయిన గుడ్ల సంగతీ తేలిపోతుంది. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి.

"గుడ్డు లోపల ఉండేది కూడా తెలిసిపోతాదా?"

"తెలుస్తుందంట."

"అయితే వైతికుప్పం గుడ్లు కూడా తెలిసిపోతాది."

ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను. పంపకాలైన రెండు మూడేళ్లకి రెండిళ్లలోనూ పిల్లలు నిలవలేదట. లేచినవి లేచినట్టే కాళ్లు వంకరపోయి చచ్చేవట. అన్నదమ్ములు మాత్రం పక్కవాడు చేతబడి చేయించాడని ఒకరినొకరు ఆడిపోసుకున్నారు. తిలగం అత్త వైతికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆవిడ దగ్గర పొదుగు గుడ్లు తీసుకుని, సగం తన పెట్ట కింద పెట్టి, సగం తూములోంచి అక్కకిచ్చింది. అక్కడి నుంచే రెండు మందలూ మళ్లీ పుంజుకున్నాయి. మామగారు మీసం దువ్వుకుని చూపించే ఆ కాకి డేగ, చేపలగంపలో వచ్చిన గుడ్డుకి ముని మనవడు.

"ఆయనకు తెలిస్తే?" అన్నాను.

"కోళ్లను కోసి పారేస్తాడు. అది పోతే పోనీ. తూము మూసేస్తాడే, పల్లవీ. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఎవురుండారు? నువ్వు నిన్న వచ్చినదానివి."

నాకు చురుక్కుమంది. కానీ అది నిజమే.

ఎండలు ముదిరి, మే నెల కత్తెర కూడా మొదలయ్యాక, మామగారు పెళ్లికని కడలూరు వెళ్లిన రోజున ఉమామహేష్ వచ్చాడు. నేనే రమ్మన్నాను, ముందు మాకు చెప్పమని. అత్తయ్య వాడికి మామిడిపండు కోసిపెట్టి ఎదురుగా కూర్చుంది. వాడి మొహం వెలిగిపోతోంది.

"ఏ రెండు ఊళ్ల కోళ్లు పోల్చినా ఎంతో కొంత తేడా ఉంది పెద్దమ్మా. కిరుమాంబాక్కం కోళ్లు మీ కోళ్లకి దూరపు చుట్టాలు. యానాం కోళ్లు ఇంకా దూరం. మీ రెండు పెరళ్లకి మాత్రం తేడా లేదు, ఒకటే మంద. మధ్యలో గోడ ఉన్న సంగతి వాటికి తెలీదు. పైగా రెండింట్లోనూ వైతికుప్పం కోళ్ల రక్తం ఉంది. ఇంత చిన్న మంద, దానిలో అదే జతకడుతూ పోతే ఈపాటికి నశించిపోవాలి. ఎవరో తెలివైనవాళ్లు కొత్త రక్తం కలిపి బతికించారు."

"ఎవురో కాదు నాయనా," అంది అత్తయ్య.

అంతా చెప్పింది. వాడు మామిడి టెంక పక్కన పెట్టేశాడు.

"ఆయనకు వేరే అని చెప్పు," అంది ఆవిడ. "రెండూ వేరే, రెండూ మంచిదే అని చెప్పు. యాడా ఏమీ కలవలేదని చెప్పు."

"అది అబద్ధం పెద్దమ్మా."

"అవు. అబద్ధమే అడగతా ఉండాను. నిజం ఏం చేస్తాదో నాకు తెలుసు."

నేను మధ్యలో కల్పించుకున్నాను. పాత పుంజు సంతానం కాబట్టి రెండూ ఒకటేనని చెబితే పోదా అన్నాను. వాడు తల అడ్డంగా తిప్పాడు. వైతికుప్పంలో కూడా తీశానని ఆయనకి తెలుసక్కా, పక్కింటి వాటిలో ఆ రక్తం ఉందా అని మొదట అడిగేది అదే అన్నాడు. రెండూ ఒకటేనన్నాక, ఉందంటే ఇక్కడా ఉన్నట్టే. ఎలా వచ్చిందని ఆయన లాగుతూ పోతే తూము దగ్గరే తేలతారు.

అత్తయ్య వాడి చెయ్యి పట్టుకుంది. మామిడి రసం అంటిన చెయ్యి. వదల్లేదు.

"నా పరిశోధనలో నిజమే రాస్తాను," అన్నాడు వాడు చివరికి. "అందులో ఊరి పేర్లే గానీ మీ పేర్లుండవు. పెద్దాయనకి నోటిమాటగా మీరన్నట్టే చెబుతాను."

చెప్పాడు. మర్నాడు పొద్దున్నే ముందు మా వసారాలో, తర్వాత పక్కింటి వసారాలో. మీ జాతి వేరు, వాళ్ల జాతి వేరు, రెండూ మేలైనవే, బయటి రక్తం చుక్క లేదు అన్నాడు. మామగారు లేచి నిలబడి వాడికి శాలువా కప్పారు. పక్కింటి వాటిలో కల్తీ లేదన్న మాట ఆయనకి కొంచెం గుచ్చుకుంది గానీ, తమది వేరే జాతి అన్న మాట ఆ ముల్లుని తీసేసింది. తమ తండ్రి పుంజే రెండు మందలకీ మూలమైనప్పుడు జాతులు రెండెలా అవుతాయని అన్నకీ తట్టలేదు, తమ్ముడికీ తట్టలేదు.

ఆ సాయంత్రం అత్తయ్య కేసరి చేసింది. తూములోంచి ఒక ముద్ద అవతలికి పోయింది.

"చూసినావా అక్కా," అని తిలగం అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "మన గుడ్లు జాతి గుడ్లంట. ఆ చేపలామెకు చెప్తే గంపతో సహా పడి నవ్వుతాది."

ఆ నవ్వు నేను వినడం అదే ఆఖరుసారి.

వారం తిరక్కుండా నటేశన్ మేస్త్రి వచ్చి గోడ కొలుచుకున్నాడు. మామగారు వెనకాలే తిరుగుతూ చూపిస్తున్నారు. "రెండడుగులు లేపు. పైన వల వెయ్యి. ఆ తూము సిమెంటేసి మూసేయి."

అత్తయ్య వంటింట్లోంచి పరుగున వచ్చింది. "తూము మూసేస్తే వాన నీళ్లు యాడికి పోతాయి?"

"నిలిస్తే నిలవనీ. ఇన్నాళ్లు నాకు తెలియక తెరిచి పెట్టినాను. ఇంత జాతి ఇంట్లో పెట్టుకుని, వాడి పుంజు ఒకటి దూరి వచ్చిందనుకో, అంతా అయిపోయె."

"మీరు చెప్పినట్టే పక్కింటాయన కూడా చెప్పినాడయ్యా," అన్నాడు నటేశన్. "వాళ్ల జాతి కెడిపోకూడదంట. ఖర్చు సగం ఆయనదే అన్నాడు."

పదకొండేళ్లలో అన్నదమ్ములిద్దరూ ఒక్కమాట మీదకొచ్చింది అప్పుడే. ఇటుకలు అన్నవి, సిమెంటు తమ్ముడిది. మేస్త్రి అటూ ఇటూ కబుర్లు మోశాడు. ఇద్దరి పెద్దరికం చూసి వీధంతా మెచ్చుకుంది. నాకు మాత్రం ఉమామహేష్ మీద ఒళ్లు మండిపోయింది. వాడి తప్పు రవంత కూడా లేదని తెలిసే మండింది.

గూడుకి ఇనపజాలీ తలుపు పెట్టి తాళం వేశారు. తాళంచెవి మామగారి మొలతాడుకి చేరింది. మేత ఆయనే వేస్తారు, గుడ్లు ఆయనే తీస్తారు, ఏ పెట్ట కింద ఏ గుడ్డు పెట్టాలో ఆయనే నిర్ణయిస్తారు. పుట్టినింటి నుంచి తెచ్చుకున్న రోకలిని లాక్కున్నట్టు చూసింది అత్తయ్య.

"నా కోళ్లను నేను చూసుకోకూడదా?"

"ఇంకమీద అది నీ కోడి, నా కోడి కాదు. జాతి," అన్నారాయన. నెమ్మదిగానే అన్నారు. ఆ రోజుల్లో ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. అత్తయ్యకి కొత్త చీర కూడా కొనిచ్చారు.

ఆవిడ మధ్యాహ్నాలు పెరట్లోకి వెళ్లడం మానేసింది. వంటింట్లో పీట మీద కూర్చుని, చేతిలో పనేమీ లేకుండా, మామగారి గుర్రు వింటూ ఉండేది. నేను కబుర్లు చెప్పబోతే ఊ కొట్టేది. తిలగం అత్తతో మాట్లాడినట్టు నాతో ఎందుకు మాట్లాడుతుంది? ఆ అలుసు, ఆ వేళాకోళం కోడలితో కుదరవు.

జూలైలో, ఆడి నెల మొదట్లో చేపలావిడ గుమ్మంలో గంప దించుతూ కబురు చెప్పింది. పక్కింటమ్మకి కడుపులో గడ్డ, గర్భసంచి తీసేస్తారంట, నిన్ననే ఆసుపత్రిలో చేర్చారంట. మధ్యలో ఒక్క గోడ, ఆ ఇంట్లోంచి మనిషిని ఆటోలో ఎక్కించుకుని పోతే మాకు చేపలగంప ద్వారా తెలిసింది.

అత్తయ్య స్నానం చేసి, మామగారు కొన్న చీర కట్టుకుని వసారాలోకి వచ్చింది. ఆయన పేపరు చూస్తున్నారు.

"తిలగాన్ని చూసి వస్తాను."

"ఏ తిలగం?" అన్నారాయన, తలెత్తకుండా.

అప్పుడు ఆవిడ చెప్పేసింది. నిలబడే చెప్పింది, దేనికీ తడుముకోకుండా. తూము, గుడ్లు, చెరిసగం పిల్లలు, వైతికుప్పం గంప, ఉమామహేష్ చెయ్యి పట్టుకున్నది. "మీ జాతి లేదు, వాడి జాతి లేదు. అంతా ఒకటే. నేను, నా చెల్లెలు కలిపినాము. ఇప్పుడు ఏం చేస్తారో చేసుకోండి. నేను పోతాను."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన పేపరు మడిచారు. గిన్నె విసురుతారో, గూడు తాళం తీసి కత్తి పట్టుకుంటారో, మళ్లీ నెల్లాళ్లు వేరే పొయ్యి పెట్టుకుంటారో అనుకున్నాను.

ఆయన నవ్వారు. కడుపు పట్టుకుని నవ్వారు.

"చేపలమ్మేదాని గుడ్డు? నా కోడి? ఏంది కమలా, చెల్లెల్ని చూడాలంటే ఇంత కథ కట్టాలా? డాక్టరు తంబి రక్తం తీసి చూసి చెప్పినాడు, నీకు అంతకంటే తెలుసునా?"

"నిజమే మామయ్యగారూ, నేను కళ్లారా చూశాను," అన్నాను.

"నువ్వు కూడా చేరినావా? సరి సరి."

లోపలికి వెళ్లి ఉమామహేష్‌కి ఫోన్ చేశాను. వాడు పాపం, ఒక్కమాట అడక్కుండా, ఆయనకివ్వక్కా అన్నాడు. మామగారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు. "సరి తంబీ, సరి. అర్థమాయె," అని పెట్టేశారు. మా వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు, నవ్వుకి వచ్చిన నీళ్లు.

"పావం, మంచి పిల్లోడు. ఆడోళ్లు ఏడిస్తే తట్టుకోలేడు. మీకోసం అబద్ధం కూడా చెప్తాడు."

కోళ్లకి మేత వేళైందని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. వెళ్లమనలేదు, వద్దనలేదు. ఆ సంగతే మర్చిపోయారు.

"నేను ఆటో పిలుస్తాను, వెళ్దాం అత్తయ్యా," అన్నాను.

ఆవిడ గడప మీద కూలబడింది. కొత్త చీర కుచ్చిళ్లు వేళ్లతో నలుపుతూ కూర్చుంది.

"తిట్టుంటే లేచి పోయుందును పల్లవీ," అంది. "తిట్టుంటే నాకొక చెల్లెలు ఉండేది నిజమని ఒప్పుకున్నట్టు. నవ్వినాడే. ఇంక నేను దానికి మొకం ఎట్ల చూపేది? మన పదకొండేండ్లు వాళ్లకు నవ్వులాట అయిపోయెనే అని చెప్పేదా?"

ఎంత బతిమాలినా లేవలేదు. ఆ రోజు ఆసుపత్రికి నేనొక్కదాన్నే వెళ్లాను.